45ఎస్5 గాజు పొడి మీద తెల్ల పొర వచ్చింది. ఇది ఎముక ఖనిజమేనా?

విభాగం: పదార్థ శాస్త్రం / బయోమెటీరియల్స్

సిరి_ల్యాబ్ | సోమవారం, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. నేను పీహెచ్‌డీ రెండో సంవత్సరంలో ఉన్నాను. కరిగించి పోసిన 45ఎస్5 గాజును (ఎముకకు అతుక్కునే బయో గ్లాస్) బాల్ మిల్‌లో మెత్తగా ఆడించి, 500 మిల్లీగ్రాముల పొడిని 50 మిల్లీలీటర్ల ఎస్‌బీఎఫ్‌లో వేశాను. తెలియనివాళ్ళ కోసం: ఎస్‌బీఎఫ్ అంటే మన రక్తంలోని ద్రవానికి దగ్గరగా ఉండేలా లవణాలతో కలుపుకునే నీళ్ళు. ఇంక్యుబేటర్‌లో 7 రోజులు ఉంచి తీస్తే అడుగున పొడి గట్టిపడి, పైన తెల్లటి పొర కట్టింది.

ఎక్స్‌ఆర్‌డీలో (ఏ స్ఫటికం ఉందో ఎక్స్‌రేలతో చెప్పే పరీక్ష) 29.4 డిగ్రీల దగ్గర పొడుగాటి, సన్నటి పీక్ వచ్చింది. 26, 32 దగ్గర, అంటే అపటైట్ (ఎముక ఖనిజం) పీకులు రావాల్సిన చోట, కొంచెం ఉబ్బు ఉందో లేదో అన్నట్టుంది. ఎఫ్‌టీఐఆర్‌లో (ఏ రసాయన బంధాలున్నాయో పరారుణ కాంతితో చూసే పరీక్ష) 1420, 875 దగ్గర కార్బొనేట్ పట్టీలు స్పష్టంగా ఉన్నాయి. "ఎముకలో కూడా కార్బొనేట్ ఉంటుందిగా, ఇది కార్బొనేట్ అపటైటే, రాసెయ్" అన్నారు మా సీనియర్. నాకెందుకో మనసు ఒప్పుకోవట్లేదు. రెండు రోజులుగా టెన్షన్‌గా ఉంది. ఎవరైనా చూసి చెప్తారా?

గాజుకొలిమి | మంగళవారం, ఉదయం 6:15

మీ మనసు చెప్పిందే నిజం అమ్మా. 29.4 దగ్గర నిటారుగా లేచిన పీక్ కాల్సైట్‌ది, అంటే కాల్షియం కార్బొనేట్. బోరు నీళ్ళు రోజూ కాచే గిన్నెలో అడుగున తెల్లగా పేరుకుంటుంది చూడండి, మీ బాటిల్‌లో ఏర్పడింది ఎక్కువగా అదే సరుకు.

ఎఫ్‌టీఐఆర్‌లో ఇంకొక చోట చూడండి. 712 దగ్గర చిన్న సూదిలాంటి పట్టీ ఉందా? ఉంటే కాల్సైట్ ఖాయం. 1420, 875 రెండూ కాల్సైట్‌లోనూ వస్తాయి, కార్బొనేట్ ఉన్న అపటైట్‌లోనూ అటూఇటుగా అక్కడే వస్తాయి. వాటిని పట్టుకుని తీర్పు చెప్పకూడదు. అపటైట్ అనాలంటే 560, 600 దగ్గర ఫాస్ఫేట్ పట్టీ రెండుగా చీలాలి. చీలకుండా ఒకటే మొద్దు పట్టీగా ఉంటే అది ఇంకా స్ఫటికం కాని కాల్షియం ఫాస్ఫేట్.

సిరి_ల్యాబ్ | మంగళవారం, ఉదయం 9:05

సార్, 712 ఉంది. నిన్నంతా దాన్ని నాయిజ్ అనుకున్నాను. 560 దగ్గర చీలిక లేదు.

అసలు ఎందుకిలా జరిగింది? గాజు సరైనదే, ఎక్స్‌ఆర్‌ఎఫ్‌లో (ఏ మూలకం ఎంతుందో చెప్పే పరీక్ష) కూర్పు కూడా సరిపోయింది.

గాజుకొలిమి | మంగళవారం, మధ్యాహ్నం 1:30

భోజనం అయింది, తీరిగ్గా రాస్తాను. చాలామంది ఈ గాజును సిమెంటులాగా ఊహించుకుంటారు, నీళ్ళు తగలగానే గట్టిపడే పొడి అన్నట్టు. జరిగేది వేరు.

కిటికీ గాజులో సిలికా బరువులో 70 శాతం దాటే ఉంటుంది. 45ఎస్5లో 45 శాతమే. మిగతాది 24.5 సోడియం ఆక్సైడ్, 24.5 కాల్షియం ఆక్సైడ్, 6 శాతం ఫాస్ఫరస్ పెంటాక్సైడ్. సిలికా తగ్గడం వల్ల లోపలి అల్లిక వదులు. వలలో ముడులు సగం విప్పేసినట్టు ఉంటుంది. కిటికీ గాజు వందేళ్ళు వానలో తడిసినా అలాగే ఉంటుంది, ఇది గంటల్లో మారిపోవడం మొదలుపెడుతుంది.

ద్రవంలో పడగానే పైపొరలోని సోడియం అయాన్లు బయటికి వెళ్తాయి, వాటి చోటికి నీటిలోని హైడ్రోజన్ అయాన్లు చేరతాయి. దాంతో గాజు చుట్టూ ఉన్న ద్రవం క్షారంగా మారుతుంది, పీహెచ్ పెరుగుతుంది. ఆ క్షారమే తిరిగి గాజు మీద పడి సిలికాన్-ఆక్సిజన్-సిలికాన్ బంధాలను కోస్తుంది. కోసిన చోటల్లా సైలనాల్ గుంపులు, అంటే హైడ్రాక్సిల్ తగిలించుకున్న సిలికాన్లు, మిగులుతాయి. అవి మళ్ళీ ఒకదానికొకటి అతుక్కుని, నీళ్ళు పట్టి ఉన్న సిలికా జెల్ పొరగా మారతాయి. ఆ జెల్ గుండా లోపలి కాల్షియం, ఫాస్ఫేట్ పైకి వస్తాయి. ద్రవంలో ఉన్నవి కూడా వచ్చి కలుస్తాయి. మొదట ఆకారం లేని కాల్షియం ఫాస్ఫేట్ పూత పడుతుంది. తర్వాత అది హైడ్రాక్సిల్‌ను, కార్బొనేట్‌ను కలుపుకుని స్ఫటికమై హైడ్రాక్సీ కార్బొనేట్ అపటైట్ అవుతుంది. మన ఎముకలో ఉన్న ఖనిజం కూడా ఈ కుటుంబానిదే.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా పట్టుకోండి. ఎస్‌బీఎఫ్ గానీ మన రక్తంలోని ద్రవం గానీ అపటైట్ విషయంలో ముందే అతిసంతృప్తంగా ఉంటాయి. పాలు గోరువెచ్చగా సిద్ధంగా ఉన్నాయి, తోడు పడలేదంతే. ఆ తోడు పెట్టే పని జెల్ పొర చేస్తుంది, స్ఫటికం మొలకెత్తడానికి చోటిస్తుంది. గాజు వదిలే కాల్షియం, పెరిగిన పీహెచ్ దాన్ని తొందర పెడతాయి.

ఇప్పుడు మీ బాటిల్ లెక్క. ఎస్‌బీఎఫ్‌లో ఫాస్ఫేట్ లీటరుకు 1 మిల్లీమోల్. మీ 50 మిల్లీలీటర్లలో ఉన్న ఫాస్ఫేట్ మొత్తం కలిపినా 5 మిల్లీగ్రాములు లేదు. మీరు వేసిన 500 మిల్లీగ్రాముల గాజులో కాల్షియం ఆక్సైడే 120 మిల్లీగ్రాములు దాటి ఉంది. 45ఎస్5లో ఒక ఫాస్ఫరస్‌కు దాదాపు 5 కాల్షియం ఉంటుంది, అపటైట్‌కు కావలసింది 1.67. పొడి మెత్తగా ఉంది కాబట్టి ఇదంతా తొందరగా బయటపడింది. ఫాస్ఫేట్ అయిపోయింది, పీహెచ్ ఎక్కింది, మిగిలిన కాల్షియం దొరికిన కార్బొనేట్‌ను పట్టుకుంది. అదీ కాల్సైట్ కథ.

50 మిల్లీలీటర్లకు 75 మిల్లీగ్రాములు వేసి మళ్ళీ చెయ్యండి. అంటే మిల్లీలీటరుకు ఒకటిన్నర. వేర్వేరు ల్యాబుల వాళ్ళు 2015లో కలిసి సూచించిన పద్ధతిలోనూ ఇదే నిష్పత్తి.

పంటి_డాక్టర్ | మంగళవారం, రాత్రి 9:50

ఈ చర్చ చదువుతుంటే రోజూ నా చేతిలో ఉండే పొడిని మొదటిసారి చూసినట్టనిపించింది. చిగుళ్ళ జబ్బుతో పంటి పక్క ఎముక తిన్న చోట మేం ఈ గాజు రేణువులు నింపుతాం. సీసాలో ఉన్నప్పుడు పొడి ఇసుకే, ఊదితే ఎగిరిపోతుంది. చిన్న గిన్నెలో వేసి సెలైన్‌తో గానీ రోగి రక్తంతో గానీ తడిపితే రెండు మూడు నిమిషాల్లో అన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని తడి ఇసుక ముద్దలా అవుతాయి. గరిటతో ఎత్తితే జారవు. లోపల పెట్టాక ఉన్నచోటే నిలబడతాయి. ఇన్నేళ్ళూ అది తడికి అంటుకోవడమే అనుకున్నాను. ఆ కాసేపట్లోనే గాజు పైపొర మారడం మొదలైందన్నమాట.

పళ్ళు జివ్వుమనేవాళ్ళకు ఇచ్చే కొన్ని పేస్టుల్లోనూ ఇదే ఉంటుంది. లేబుల్ మీద కాల్షియం సోడియం ఫాస్ఫోసిలికేట్ అని చూడండి. ఆ పేస్టులు నీళ్ళు లేకుండా గ్లిజరిన్‌తో చేస్తారు. నీళ్ళుంటే రియాక్షన్ ట్యూబులోనే అయిపోతుంది. నోట్లో లాలాజలం తగిలాక మొదలవ్వాలి. అందుకే మా పేషెంట్లకు బ్రష్‌ను ముందు నీళ్ళలో ముంచొద్దని చెప్తాను.

కొత్త_సభ్యుడు_27 | బుధవారం, ఉదయం 7:20

డాక్టర్ గారూ, నేను సైన్సు చదువుకోలేదు. మా నాన్నగారికి పోయిన నెల పన్ను తీసి అక్కడ "బయో గ్లాస్" వేశారు. గాజు అనగానే మా అమ్మ హడలిపోయింది. లోపల గుచ్చుకోదా, పగిలి రక్తంలోకి పోదా అని రోజూ అడుగుతోంది. ఆమెకు ఏం చెప్పమంటారు?

పంటి_డాక్టర్ | బుధవారం, ఉదయం 8:40

అమ్మగారి భయం న్యాయమైనదే. ఇలా చెప్పండి: అది సీసా పెంకులాంటి గాజు కాదు, రవ్వలాంటి రేణువులు. శరీరంలోని తడి తగలగానే వాటి పైభాగం మెత్తటి జెల్‌గా మారి, దాని మీద ఎముక పదార్థం లాంటి పూత కడుతుంది. ఎముక కణాలు దాన్ని పరాయి వస్తువుగా చూడవు, దాని మీదికి పాకుతాయి. గాజు నెమ్మదిగా కరుగుతుంది. అందులోంచి వచ్చే సోడియం, కాల్షియం మన ఒంట్లో ఉన్నవే. సిలికా కొద్దికొద్దిగా మూత్రంలో పోతుంది. మొదటి కొన్ని వారాలు ఆ చోట ఒకటీ అరా రేణువు నాలుకకు తగిలితే కంగారుపడక్కర్లేదు. వాపు, చీము, జ్వరం ఉంటే మాత్రం ఆలస్యం చెయ్యకుండా వేసిన డాక్టరుకే చూపించండి.

ఎముకల_వార్డు | బుధవారం, రాత్రి 11:55

నేను ఆర్థోపెడిక్స్ పీజీని. డ్యూటీ మధ్యలో రాస్తున్నా, సూటిగా అడుగుతా, ఏమనుకోకండి. బాటిల్‌లో పొర వచ్చినంత మాత్రాన ఎముకకు అతుక్కుంటుందని ఎలా నమ్మాలి? బాటిల్‌లో కణం లేదు, ప్రోటీన్ లేదు, రక్త ప్రసరణ లేదు. మా వార్డులో ఎముక విరిగి చీము పట్టిన మనిషి ఉంటాడు, బరువు మొయ్యాలి, నడవాలి. వారానికొక పేపర్ వస్తుంది "ఎస్‌బీఎఫ్‌లో అపటైట్ ఏర్పడింది, కాబట్టి ఎముక మార్పిడికి పనికొస్తుంది" అని. ఆ "కాబట్టి" నాకు మింగుడు పడదు.

తుర్కు_తెలుగు | గురువారం, ఉదయం 5:30

అన్నా, మంచి ప్రశ్న. నేను ఫిన్లాండ్‌లోని తుర్కులో ఉంటున్నాను. ఇక్కడి ఓబో అకాడెమి విశ్వవిద్యాలయం ఈ గాజుల్లో పేరున్న చోటు. ఎస్53పీ4 అనే గాజు పుట్టింది ఇక్కడే. సిలికా 53, సోడియం ఆక్సైడ్ 23, కాల్షియం ఆక్సైడ్ 20, ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ 4 శాతం. 45ఎస్5 కన్నా కాస్త నిదానంగా మారుతుంది.

చీము పట్టిన ఎముక గురించి అన్నారు కాబట్టి చెప్తున్నా. దీర్ఘకాలపు ఎముక ఇన్‌ఫెక్షన్‌లో కుళ్ళిన భాగం తీసేశాక మిగిలే గుంతలో ఈ రేణువులు నింపుతారు. గాజుకొలిమి గారు చెప్పిన మొదటి మెట్టు, అంటే సోడియం బయటికి రావడం, ఇక్కడ అదే మందులా పనిచేస్తుంది. పీహెచ్, అయాన్ల సాంద్రత రెండూ పెరిగి బ్యాక్టీరియాకు అక్కడ బతకడం కష్టమవుతుంది. యాంటిబయాటిక్ కలిపిన యాక్రిలిక్ పూసలు పెడితే తర్వాత ఇంకో ఆపరేషన్ చేసి తియ్యాలి. దీన్ని తియ్యక్కర్లేదు.

మీ "కాబట్టి" గురించి ఒక మాట. ఈ గాజు కథ బాటిల్‌తో మొదలవలేదు, ఎముకతోనే మొదలైంది. 1967లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలోని ల్యారీ హెంచ్ ఒక సైనిక సదస్సుకు బస్సులో వెళ్తున్నారు. పక్కన కూర్చున్నది వియత్నాం నుంచి అప్పుడే వచ్చిన అమెరికన్ సైన్యం కల్నల్. కాళ్ళూ చేతులూ పోగొట్టుకుంటున్న కుర్రవాళ్ళను చూసి వచ్చిన మనిషి. శరీరం తిప్పికొట్టని పదార్థం మీరు చెయ్యగలరా అని అడిగారట. అప్పటికి వాడుతున్న లోహాలు, ప్లాస్టిక్‌ల చుట్టూ శరీరం మచ్చ కణజాలంతో తొడుగు కట్టి వేరు చేసేది. ఎముకలో ఉన్న ఖనిజాన్నే తన ఒంటి మీద పెంచుకునే పదార్థమైతే శరీరం ఒప్పుకుంటుందేమో అన్నది హెంచ్ ఆలోచన. 1969లో హెంచ్ 45ఎస్5 కరిగిస్తే, దాన్ని టెడ్ గ్రీన్లీ అనే సర్జన్ ఎలుకల తొడ ఎముకల్లో పెట్టారు. 6 వారాల తర్వాత చూస్తే ఆ ముక్కలు ఎముకలోంచి ఊడి రావట్లేదు. లాగినా, నెట్టినా రాలేదు. ముందు అతుక్కోవడం కనిపించింది, ఆ అతుకులో ఏముందని వెతికితే అపటైట్ పొర, అందులో చిక్కుకున్న కొల్లాజెన్ (ఎముకలోని ప్రోటీన్) పోగులు కనిపించాయి.

గాజుకొలిమి | గురువారం, సాయంత్రం 6:10

డాక్టర్ బాబూ, మీరన్నది నేను ఒప్పుకుంటాను. ఈ రంగంలోని మేమంతా ఒప్పుకోవాలి కూడా. ఎస్‌బీఎఫ్ పరీక్షను క్యోటోలో కొకుబో బృందం 1990లో తీర్చిదిద్దింది. తర్వాత ఐఎస్ఓ ప్రమాణం కూడా వచ్చింది. అది జల్లెడ. వంద కూర్పుల్లో దేన్ని జంతువుల దాకా తీసుకెళ్ళాలో తేల్చుకోవడానికి. అనవసరంగా ప్రాణులు పోకుండా ఉండటానికి. ముగింపు వాక్యం రాసుకోవడానికి కాదు.

2009లో బోనర్, లెమెత్ర్ అనే ఇద్దరు దీని మీద గట్టిగా విమర్శ రాశారు. ఎముక గుంతలు నింపడానికే వాడే బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్‌నే చూడండి. ఎస్‌బీఎఫ్‌లో చాలాసార్లు పొర కట్టదు, ఎముకకు మాత్రం చక్కగా అతుక్కుంటుంది. మరి జల్లెడ దాన్ని పారబోస్తుందిగా! పైగా రక్తంలోని ద్రవంలో బైకార్బొనేట్ 27 మిల్లీమోల్స్ ఉంటే ఎస్‌బీఎఫ్‌లో 4.2 మాత్రమే. పీహెచ్ నిలబెట్టడానికి కలిపే ట్రిస్ ఒంట్లో ఉండేది కాదు, అది గాజును కొంచెం తొందరగా కరిగిస్తుంది. ఒంట్లో ఉండే ప్రోటీన్లేమో గాజుకు పట్టుకుని ఆలస్యం చేస్తాయి.

బరువు మోసే చోటు గురించి కూడా మీ మాటే సరి. గాజు పెళుసు. అందుకే 1985లో అమెరికాలో అనుమతి పొందిన తొలి వైద్య వాడకం మధ్య చెవిలోని చిన్న ఎముకల చోట. తర్వాతా పంటి దగ్గర, గుంతలు నింపే చోట్లే ఎక్కువ. తొడ ఎముక బదులు గాజు కడ్డీ పెడతామని ఎవరైనా అంటే నమ్మకండి.

కానీ పొర ఒక్కటే సంగతి కాదని కూడా గుర్తుంచుకోండి. గాజులోంచి కరిగి వచ్చే సిలికాన్, కాల్షియం ఎముక కణాల్లోని జన్యువులను మేల్కొలుపుతాయని లండన్ ఇంపీరియల్ కాలేజీలో 2000 ప్రాంతంలో హెంచ్, పోలాక్ బృందం చూపించింది. అది బాటిల్‌లో కనిపించదు.

ఎముకల_వార్డు | గురువారం, రాత్రి 10:30

జల్లెడ అంటే ఒప్పుకుంటా అన్నా. ఎస్53పీ4 గురించి మా యూనిట్‌లో మాట్లాడతాను. ఒకటి మాత్రం మా జూనియర్ల కోసం రాసి పెడుతున్నా: కుళ్ళిన ఎముక పూర్తిగా తియ్యకుండా ఏ గాజు నింపినా లాభం లేదు. ఖర్చు కూడా మా దగ్గరికి వచ్చేవాళ్ళు మోసేది కాదు. ఇక్కడే చవగ్గా తయారైతే ఎంత బాగుంటుందో.

నల్గొండ_మాస్టారు | శుక్రవారం, సాయంత్రం 4:45

రిటైరైన కెమిస్ట్రీ టీచర్ని. అపటైట్ పేరు వినగానే ఆగలేకపోయాను. మా జిల్లాలో ఈ ఖనిజం పాఠంలో కాదు, మనుషుల నడుముల్లో కనిపించింది. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. ఎన్నో ఏళ్ళు అంతకు మించి తాగిన ఊళ్ళు మావి. ఎముక అపటైట్‌లోని హైడ్రాక్సిల్ స్థానంలోకి ఫ్లోరైడ్ దూరుతుంది. స్ఫటికం గట్టిపడుతుంది, తొందరగా కరగదు. కానీ ఎముక అంటే ఎప్పుడూ కరుగుతూ కట్టుకుంటూ ఉండాల్సిన వస్తువు. ఫలితం, వంగని వెన్ను, కట్టెలా బిగిసిన కీళ్ళు. నా క్లాసులో కూర్చుని మెడ తిప్పలేక మొత్తం ఒళ్ళు తిప్పి బోర్డు చూసిన పిల్లాడు నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉన్నాడు.

నా సందేహం: గాజులో ఫ్లోరైడ్ కలిపిన పేస్టులు కూడా ఉన్నాయని విన్నాను. అది మంచిదేనా?

పంటి_డాక్టర్ | శుక్రవారం, రాత్రి 9:15

మాస్టారూ, మీ పిల్లాడి మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

అవును, లండన్‌లోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ హిల్ బృందం అలాంటి గాజు తయారుచేసింది. పంటి పైపొరకు, ఎముకకు ఒక తేడా ఉంది. ఎనామెల్ ఒకసారి తయారయ్యాక తిరిగి కట్టుకోదు, కాబట్టి అక్కడ తొందరగా కరగని ఫ్లోరపటైట్ మేలే. పుల్లటి పదార్థాలకు తట్టుకుంటుంది. అది పైపూతగా, కొద్ది మోతాదులో ఉంటే. మింగితే మీరు చెప్పిన దారే. ఫ్లోరోసిస్ ఉన్న ఊళ్ళలో చిన్న పిల్లలకు ఏ ఫ్లోరైడ్ పేస్టు అయినా డాక్టర్ని అడగకుండా వాడకూడదు.

గాజుకొలిమి | శుక్రవారం, రాత్రి 10:00

ఒక చేర్పు. గాజులో ఫ్లోరైడ్ మరీ పెంచితే అపటైట్ బదులు కాల్షియం ఫ్లోరైడ్ స్ఫటికాలు కడతాయి. సిరి గారి కాల్సైట్ లాగే, ఒక అయాన్ ఎక్కువైతే ఖనిజమే మారిపోతుంది.

సిరి_ల్యాబ్ | ఆదివారం, మధ్యాహ్నం 3:20

అందరికీ చాలా థాంక్స్. మళ్ళీ మొదలుపెడదామని ఎస్‌బీఎఫ్ కలుపుతుంటే ఇంకో సమస్య. గాజు పొడి వెయ్యకముందే ద్రావణం పాలనీళ్ళలా మసకబారింది. రెండుసార్లు పారబోశాను. పాత బ్యాచ్ కూడా కొంచెం మసకగా ఉన్నట్టు గుర్తు, అప్పుడు పట్టించుకోలేదు.

గాజుకొలిమి | ఆదివారం, రాత్రి 8:00

మసకబారిందంటే గాజు లేకుండానే తోడు పడిపోయింది. మూడు ప్రశ్నలు. కొలిచే పాత్ర గాజుదా? అయితే దాన్ని పక్కన పెట్టి, గీతలు లేని ప్లాస్టిక్ బీకరు తీసుకోండి. చిన్న గీత కూడా స్ఫటికానికి పునాది అవుతుంది. రసాయనాలు ఏ వరుసలో కలిపారు? ముందు ఉప్పు, బైకార్బొనేట్, పొటాషియం క్లోరైడ్, ఫాస్ఫేట్, మెగ్నీషియం క్లోరైడ్. ఆ తర్వాత హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అప్పుడే కాల్షియం క్లోరైడ్, సోడియం సల్ఫేట్. ఆమ్లం కంటే ముందు కాల్షియం పడిందంటే పని చెడినట్టే. ట్రిస్‌ను చివర్లో 36.5 డిగ్రీల దగ్గర చిటికెడు చిటికెడుగా వేస్తూ పీహెచ్ మీటర్ మీంచి కన్ను తియ్యకూడదు. గుప్పెడు ఒక్కసారి వేస్తే ఆ చోట పీహెచ్ ఎగిరి మబ్బు పడుతుంది. చివరికి 7.40 దగ్గర ఆగాలి.

మూడోది, కాల్షియం క్లోరైడ్ సీసా మీద డైహైడ్రేట్ అని ఉందా? పద్ధతిలో చెప్పిన బరువు నీళ్ళు లేని దానికి. అదే బరువు డైహైడ్రేట్ తీసుకుంటే కాల్షియం 2.5 మిల్లీమోల్స్ కావలసింది 2 దగ్గరే ఆగుతుంది. నీళ్ళు లేనిదైతే గాలిలో తేమ పీలుస్తుంది, తూచేటప్పుడు ఆలస్యం చెయ్యొద్దు.

సిరి_ల్యాబ్ | ఆదివారం, రాత్రి 8:25

డైహైడ్రేటే సార్. ట్రిస్ కూడా సగం ఒకేసారి వేశాను.

సిరి_ల్యాబ్ | మూడు వారాల తర్వాత, శనివారం, సాయంత్రం 5:10

ఫలితాలు వచ్చాయి. ప్లాస్టిక్ బాటిళ్ళు, 75 మిల్లీగ్రాములు, ఒక్కో రోజుకు మూడేసి బాటిళ్ళు. గాజు వెయ్యని ఎస్‌బీఎఫ్ బాటిల్ కూడా పక్కనే పెట్టాను, అది చివరిదాకా తేటగానే ఉంది.

3వ రోజు పొడిలో 26 దగ్గర, 32 దగ్గర వెడల్పాటి పీకులు లేచాయి. 29.4 దగ్గర ఏమీ లేదు. ఎఫ్‌టీఐఆర్‌లో 560, 600 చీలిక స్పష్టంగా ఉంది, 712 లేదు. పీహెచ్ 7.40 నుంచి 7.7 దాకా వెళ్ళి నిలబడింది. మొదటి ప్రయోగంలో అసలు కొలవనే లేదు.

ఒక గుళికను ఎస్ఈఎంలో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) చూశాను. పైన కాలీఫ్లవర్ పూల గుత్తుల్లా చిన్న చిన్న ఉండలు. వాటి మధ్యలో ఎండిన చెరువు అడుగులా నెర్రెలు. ఆ నెర్రెలు చూసి మొదట భయమేసింది, పొర ఊడిపోతోందేమోనని.

సీనియర్‌కు రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి చూపించాను. చాలాసేపు చూసి, తన పాత డేటా కూడా మళ్ళీ తీస్తానన్నారు.

గాజుకొలిమి | శనివారం, సాయంత్రం 7:30

చాలా సంతోషం అమ్మా. నెర్రెలకు భయపడకండి, తడి జెల్ ఎండినప్పుడు, వాక్యూమ్‌లో పెట్టినప్పుడు అలాగే బీటలు వారుతుంది. ద్రవంలో ఉన్నప్పుడు అవి ఉండవు. వీలైతే గుళికను అడ్డంగా కోసి, పాలిష్ చేసి చూడండి. లోపల గాజు, దాని మీద సిలికా ఎక్కువున్న పొర, ఆ పైన కాల్షియం-ఫాస్ఫరస్ పొర, మూడూ వరుసగా కనిపిస్తాయి. ఏ చోట ఏ మూలకం ఉందో చెప్పే ఈడీఎస్ గీత ఒకటి అడ్డంగా తీయండి. పేపర్‌లో ఆ బొమ్మ తప్పకుండా పెట్టండి, మొదటి ప్రయోగంలోని కాల్సైట్ గ్రాఫ్‌తో పాటు.

సిరి_ల్యాబ్ | శనివారం, రాత్రి 7:48

పెడతాను సార్. సోమవారం రెసిన్‌లో పోసి కోయిస్తాను. 14వ రోజు బాటిళ్ళు ఇంకా ఇంక్యుబేటర్‌లోనే ఉన్నాయి, అవి బుధవారం తీయాలి.